చందమామకు రంగులద్దిన వడ్డాది పాపయ్య, మన భివండి

పద్మనగర్‌లో పాత ఇళ్ళల్లోకి పోతే దేవుడి గూటి పైన ఒక లక్ష్మీదేవి పటం కనిపిస్తుంది. అంచులు పసుపుబారి, అద్దం వెనుక చెమ్మ పట్టినా ఎవరూ దాన్ని తీసెయ్యరు. తామరపువ్వు మీద నిలబడ్డ అమ్మవారు, పక్కన దండ పట్టుకున్న ఏనుగు. ఆ రూపం రాజా రవివర్మది. ఆయన కేరళవారు. కానీ బొమ్మ అచ్చయింది మనకు దగ్గర్లోనే.

రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు ప్రెస్సు పెట్టారు. కొన్నేళ్ళకు అది లోణావళా దాటగానే వచ్చే మళవలికి మారింది. కార్లాకు ఏకవీర అమ్మవారి దర్శనానికి పోయే మనవాళ్ళు దిగే స్టేషను అదే. కల్యాణ్‌లో బండెక్కి షోలాపూరు చుట్టాల ఇంటికి పోయేటప్పుడు కిటికీలోంచి ఎన్నిసార్లు చూసి ఉంటామో! అక్కడ జర్మన్ మిషన్ల మీద రంగుల బొమ్మలు అచ్చయ్యేవి. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. కాగితం ప్రతిసారీ అదే గుర్తు మీద కూర్చోవాలి, జరిగితే అమ్మవారి కన్ను చెంప మీదికి వస్తుంది. చిటికి పని తెలిసిన నల్లగొండవాళ్ళకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు.

ఆ బొమ్మలు దేశమంతా పోయాయి. శ్రీకాకుళంలో వడ్డాది రామమూర్తి గారనే డ్రాయింగు మాస్టారి ఇంటి గోడకు కూడా రవివర్మ కోదండరాముడి పటం ఒకటి చేరింది. ఆ ఇంట్లో 1921 సెప్టెంబరు 10న పుట్టిన పిల్లవాడే వడ్డాది పాపయ్య, బొమ్మ కింద ‘వపా’ అని సంతకం చేసినాయన. శ్రీకాకుళం అనగానే మన కులపోళ్ళకు ముందు గుర్తొచ్చేది పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, గాలికి ఎగిరేంత సన్నని నూలు తీసే ఊరు. పాపయ్య గారికి పొందూరుతో ఏం సంబంధం ఉందో చెప్పను గానీ, సన్నని బట్టను ఆయన గీసిన తీరు చూస్తే నాకు ఆ ఊరే మనసులో మెదులుతుంది.

చిన్నతనంలోనే ఆ రాముణ్ణి చూసి చూసి గీయడం మొదలుపెట్టాడు. తండ్రే మొదటి గురువు. పటం రెండో గురువు అనుకోవచ్చు.

‘చూసి గీస్తే గొప్పేముంది, అది నకలే కదా’ అనేవాళ్ళుంటారు. రవివర్మనూ, వపానూ ‘క్యాలెండరు బొమ్మలు’ అని తక్కువ చేసినవాళ్ళు చాలామందే. ఈ మాట నేతగాడి ముందు నిలవదు. మనలో ఎవరు మొదటి రోజే సొంత డిజైను నేశారు? నాయిన పక్కన నిలబడి, ఆయన చేయి ఎట్లా తిరిగితే మన చేయి అట్లా తిప్పి నేర్చుకున్నాం. ఒకటే రకం వెయ్యి మీటర్లు సాంచ మీద దించినంత మాత్రాన బట్ట విలువ పోతుందా?

రవివర్మ కంటే ముందు మన ఇళ్ళల్లో బొమ్మల పుస్తకాలు లేవనుకోవద్దు. తెలంగాణలో కూనపులివాళ్ళు మన ఊళ్ళకు వచ్చి, నిలువెత్తు పటం విప్పి మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పేవాళ్ళు. చేర్యాల నకాషీలు గీసిన పటం అది. నేసిన బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి దాని మీద బొమ్మలు వేస్తారు. ఎర్రటి నేల మీద వరుసగా కథ. పిల్లలు కింద కూర్చుని చూసేవాళ్ళు. చదువు రానివాళ్ళకూ కథ తెలిసేది. అంటే మన పిల్లల మొదటి బొమ్మల పుస్తకానికి కాగితం మనం నేసిన బట్టే. అందులో నీడ ఉండదు, మనిషికి బరువు ఉండదు. రవివర్మ అచ్చుబొమ్మతో దేవుళ్ళకు ఒళ్ళు, వెలుగు, నీడ వచ్చాయి. బట్ట కూడా వచ్చింది! ఆయన దేవతలకు మహారాష్ట్ర ఆడవాళ్ళ తొమ్మిది గజాల చీరకట్టు చాలాచోట్ల కనిపిస్తుంది. కుచ్చిళ్ళలో అంచు ఎటు మడవాలో అటే మడుస్తుంది.

వపా ఈ బట్ట పనిని అందుకున్నారు, అందుకుని మార్చారు కూడా. రవివర్మ చీర బరువుగా జారుతుంది, జరీ మెరుస్తుంది. వపా చీర తేలుతుంది, ఒంటి రంగు అందులోంచి కనిపిస్తుంది. నీటిరంగుల్లో ఆయన కలుపుకున్న నీలాలూ ఊదాలూ ఆయనకే చెల్లాయి. భారతి, ఆంధ్రపత్రిక, యువ లాంటి పత్రికల్లో రుతువులు, రాగాలు, నాయికల బొమ్మలు ఎన్నో వేశారు. అవి పెద్దవాళ్ళ కోసం. పిల్లలకు ఆయన దొరికింది చందమామలో.

చందమామ 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగు, తమిళాల్లో మొదలైంది. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల పత్రిక. తర్వాత పదికి పైగా భాషల్లోకి పోయింది. 1952లో మరాఠీలో ‘చాందోబా’ వచ్చింది. భాష మారినా బొమ్మలు మారేవి కావు. లోపలి కథలకు శంకర్, చిత్ర లాంటి వాళ్ళు గీసేవాళ్ళు. అట్ట మీద ఏళ్ళ తరబడి వపా రంగులు.

మా ఇంట్లో నేను మున్సిపాలిటీ తెలుగు బడికి పోయాను, తమ్ముడు మరాఠీ బడికి పోయాడు. నాయిన ఊరికి పోయి వచ్చేటప్పుడు నాకు చందమామ తెచ్చేవాడు. తమ్ముడు ఇక్కడే చాందోబా సంపాదించేవాడు. ఇద్దరం పక్కపక్కన కూర్చుంటే అట్ట ఒకటే, అక్షరాలు వేరు. అమ్మకు ఏ అక్షరాలూ రావు. కండెలు చుట్టుకుంటూనే బొమ్మ చూసి తన కథ తాను చెప్పేది. అది పుస్తకంలో కథ కాదని మేమిద్దరం ఎదురు మాట్లాడితే, ‘ఆ చీర అంచు చూడుండ్రి, ఎట్ల తిరిగిందో! ఆ పిల్ల పరుగెత్తుతున్నది, నిలబడలేదు’ అనేది. మళ్ళీ చూస్తే నిజమే.

పెద్దయ్యాక తెలిసింది, ఆ బొమ్మలు ఒక చుట్టు తిరిగి మా దగ్గరికి వచ్చాయని. మళవలిలో అచ్చయ్యే పటాల్లో ఒకటి శ్రీకాకుళం గోడ ఎక్కింది. దాన్ని చూసిన పిల్లవాడి చేయి మద్రాసు పత్రికకు పనిచేసింది. ఆ పత్రిక మరాఠీలో మా తమ్ముడి చేతికి వచ్చింది.

వపా సభలకు, సన్మానాలకు దూరంగా ఉండేవారు. చివరి ఏళ్ళు అనకాపల్లి దగ్గర కశింకోటలో గడిపి, 1992 డిసెంబరు 30న కన్నుమూశారు. మళవలి ప్రెస్సు అంతకు ముందే, 1972లో మంటల్లో పోయింది. ఇప్పుడు చందమామ కూడా లేదు.

మా మనవరాలు తెలుగు గలగలా మాట్లాడుతుంది, ఒక్క అక్షరం చదవలేదు. మన బస్తీలో సగం ఇళ్ళల్లో ఇదే సంగతి, దాచుకునేది ఏం లేదు. మొన్న ఫోన్లో పాత చందమామ అట్ట చూపిస్తే చాలాసేపు చూసి, ‘ఈమె ఎటు పోతున్నది తాతా?’ అని అడిగింది. లోపల రాసి ఉందన్నాను. ‘మరి చదివి చెప్పు’ అని ఒళ్ళో కూర్చుంది. మొదటి అక్షరం మీద దాని వేలే పెట్టించాను.

తమ్ముడి దగ్గర అట్ట చిరగని చాందోబా ఒకటి మిగిలి ఉంది. అదే నెల తెలుగు చందమామ నా దగ్గర లేదు. మీ అటకల మీద, ట్రంకుపెట్టెల్లో పాత సంచికలు ఉంటే కాటాకు వేయకుండా సమాజం ఆఫీసులో ఒక మాట చెప్పండి. రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించాలని ఉంది.