ఒక రోల్ నంబర్, రెండు పాస్‌వర్డులు

మా కాలేజీ కంప్యూటర్ సెంటర్లో పక్కపక్కనే రెండు ల్యాబులుండేవి. ఒకదాంట్లో విండోస్, రెండోదాంట్లో లినక్స్. పిల్లవాడు ఒక్కడే, రోల్ నంబరూ ఒక్కటే, పాస్‌వర్డులు మాత్రం రెండు. కొత్త బ్యాచ్ వచ్చిందంటే నా టేబుల్ దగ్గర వినపడే మాట ఒకటే: "సార్, ఆ ల్యాబులో మార్చుకున్న పాస్‌వర్డ్ ఈ ల్యాబులో ఎందుకు తీసుకోవట్లేదు?" సిస్టమ్స్ అడ్మిన్‌గా నా ఉద్యోగంలో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. దీనికి నిజమైన జవాబు ఏ మాన్యువల్లోనూ ఒకచోట దొరకదు. అది అరవై ఏళ్ల చరిత్రలో ముక్కలు ముక్కలుగా ఉంది.

1961లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బాటో బృందం సి.టి.ఎస్.ఎస్. అనే వ్యవస్థను ప్రదర్శించింది. ఒక పెద్ద యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటది. ఎవరి ఫైళ్లు వాళ్లకే దక్కాలని అందులో పాస్‌వర్డులు పెట్టారు. అవన్నీ చదవడానికి వీలుగా, ఉన్నవి ఉన్నట్టు ఒకే ఫైల్లో ఉండేవి. 1960ల మధ్యలో ఒకరోజు, లాగిన్ అయిన ప్రతివారి ముందూ ఆ ఫైల్ మొత్తం అచ్చయిపోయింది. ఒక అధికారి రోజువారీ సందేశాన్ని, ఇంకొకరు పాస్‌వర్డ్ ఫైల్ని ఒకే సమయంలో దిద్దుతున్నారు. ఎడిటర్ ప్రోగ్రాం ఇద్దరి పనికీ ఒకే పేరున్న తాత్కాలిక ఫైల్ని వాడడంతో అదీ ఇదీ తారుమారయ్యాయి. ఈ సంగతి కోర్బాటో తన ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో స్వయంగా చెప్పారు.

అసలు పాస్‌వర్డ్‌ని ఎక్కడా రాసి ఉంచకుండానే పని నడిపించే దారిని బాగా వాడుకలోకి తెచ్చింది యూనిక్స్ వాళ్లు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన పద్ధతిలో పాస్‌వర్డ్‌ని డి.ఇ.ఎస్. లెక్కలోంచి 25 సార్లు తిప్పుతారు. వచ్చిన పిప్పినే ఫైల్లో ఉంచుతారు. దాన్నుంచి వెనక్కి వచ్చి అసలు మాటను రాబట్టడానికి దారి లేదు. లాగిన్ చేసేవాడు టైప్ చేసిన మాటను మళ్లీ అలాగే తిప్పి, రెండూ ఒకటేనా అని చూస్తారు. ఒకే మాటకు అందరికీ ఒకే ఫలితం రాకుండా 4096 రకాల అదనపు విలువల్లో ఒకదాన్ని, 'ఉప్పు' పేరుతో, కలిపారు. గొప్ప పనే. అయితే అది మొదటి ఎనిమిది అక్షరాలే చూస్తుంది. మన దగ్గర రోల్ నంబరుకి పది స్థానాలు. ఏడాది, కాలేజీ కోడ్, కోర్సు, బ్రాంచ్ కలిసి మొదటి ఎనిమిది, చివరి రెండే విద్యార్థివి. కొత్తగా చేరినవాడికి రోల్ నంబరునే తొలి పాస్‌వర్డ్‌గా ఇచ్చే అలవాటు మన కాలేజీల్లో ఎప్పటినుంచో ఉంది. పాత పద్ధతి నడిచే యంత్రంలో ఆ లెక్కన బ్రాంచి మొత్తానికీ పాస్‌వర్డ్ ఒక్కటే!

విండోస్ దారి వేరు. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. పాస్‌వర్డ్‌ని పదహారు బిట్ల యూనికోడ్‌గా మార్చి, ఎం.డి.4 అనే ఇంకో లెక్కలోంచి పోనిచ్చింది. దాని పక్కనే పాత ల్యాన్ మేనేజర్ రూపాన్నీ ఉంచింది. ఆ రూపంలో చిన్న అక్షరాలన్నీ పెద్దవై, పాస్‌వర్డ్ ఏడేసి అక్షరాల రెండు ముక్కలుగా విడిపోతుంది. ఇప్పుడు మా పిల్లల ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. యూనిక్స్ పిప్పి విండోస్‌కి పనికిరాదు, విండోస్ పిప్పి యూనిక్స్‌కి పనికిరాదు. రెంటిలో దేన్నుంచీ అసలు మాట బయటికి రాదు. ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎత్తి రాసుకోగలిగేది పేరూ, నంబరూ, గ్రూపూ మాత్రమే. భద్రత కోసం కట్టిన గోడే కలపడానికి అడ్డమైంది.

మిగిలిన ఉపాయం ఒకటే: విద్యార్థి పాస్‌వర్డ్ మార్చుకునే ఆ క్షణాన, అసలు మాట ఇంకా చేతిలో ఉండగానే పట్టుకుని రెండోవైపుకి పంపడం. 1999లో మైక్రోసాఫ్ట్ అమ్మకానికి తెచ్చిన 'సర్వీసెస్ ఫర్ యూనిక్స్'లో ఈ ఏర్పాటుండేది. పనిచేసేది కూడా. కానీ ఆ క్షణంలో అవతలి యంత్రం ఆగి ఉంటే, రెండు పాస్‌వర్డులు మళ్లీ వేరుపడేవి. అందుకే నాకు మొదటినుంచీ ఒక అభిప్రాయం ఉంది: రెండు పుస్తకాలని ఎంత శ్రద్ధగా సరిచూస్తూ పోయినా అవి ఎప్పుడో ఒకప్పుడు విడిపోతాయి. పుస్తకం ఒక్కటే ఉండాలి, మిగతావాళ్లంతా దాన్ని అడగాలి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1980ల్లో సన్ మైక్రోసిస్టమ్స్ 'ఎల్లో పేజెస్' పేరుతో తెచ్చిన ఎన్.ఐ.ఎస్. చేసింది అదే: పాస్‌వర్డ్ ఫైల్ ఒక సర్వర్లో, మిగతా యంత్రాలు దాన్నే చదువుకోవాలి. తేలిక, చవక. మన కాలేజీల్లో చాలాకాలం నడిచింది. దాని లోపం కూడా అంతే తేలికగా బయటపడేది. నెట్‌వర్క్‌లో ఉన్న ఏ విద్యార్థి అయినా ఒక్క ఆజ్ఞతో అందరి పిప్పినీ తెచ్చుకుని, తీరిగ్గా నిఘంటువులోని మాటలతో పోల్చి చూసుకోవచ్చు.

దీనికన్నా లోతుగా ఆలోచించింది మళ్లీ ఎం.ఐ.టి.యే. 1983లో మొదలైన ప్రాజెక్ట్ అథీనాకి డెక్, ఐ.బి.ఎం. రెండూ డబ్బూ యంత్రాలూ ఇచ్చాయి. రెండు కంపెనీల యంత్రాలు, వేలమంది విద్యార్థులు. ఏ యంత్రం ముందు కూర్చున్నా వాడి లాగిన్ వాడిదే కావాలి. స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ అందుకోసం రూపొందించిన కెర్బరోస్‌లో పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీదకి రానే రాదు. ఒక నమ్మకమైన సర్వర్ టికెట్ ఇస్తుంది. ఆ టికెట్ చూపిస్తే మెయిల్, ఫైళ్లు, ప్రింటర్ తలుపు తీస్తాయి. టికెట్‌కి గడువుంటుంది కాబట్టి యంత్రాల గడియారాలు కలవాలి. మామూలుగా ఐదు నిమిషాల తేడాని మించి ఒప్పుకోరు. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత పీసీలో ఎందుకు లాగిన్ కావట్లేదో ఈ ఒక్క నియమం చెబుతుంది.

పేర్ల పుస్తకం సంగతి వేరేచోట తేలింది. 1988 నాటి ఎక్స్.500 ప్రమాణం ప్రపంచమంతటికీ ఒకే డైరెక్టరీ అని పెద్ద కల కన్నది. అప్పటి పీసీలు దాని బరువు మోయలేకపోయాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో టిమ్ హౌస్, ఇంకొందరితో కలిసి దానికి ఒక తేలికైన దారి వేశారు. 1993లో ప్రచురించిన ఆ దారే ఎల్‌డ్యాప్. పెద్ద కల మరుగునపడింది, పక్కన వేసిన దారి నిలిచింది.

2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ వచ్చింది. విప్పి చూస్తే లోపల ఉన్నవి ఎల్‌డ్యాప్, కెర్బరోస్. రెండూ విశ్వవిద్యాలయాల్లో పుట్టి, అందరికీ తెరిచి ఇచ్చినవే. ఇక గొడవ తీరినట్టే అనుకున్నాం మాలాంటివాళ్లం. అయితే టికెట్‌లో ఖాళీగా వదిలిన ఒక గడిలో మైక్రోసాఫ్ట్ తన గ్రూపుల సమాచారాన్ని నింపింది. దాని వివరాలు చదవాలంటే మాత్రం వాటిని వ్యాపార రహస్యంగా ఒప్పుకోవాలన్న షరతు పెట్టింది. ఇతరులు చదివి రాసుకోలేని ప్రమాణం ప్రమాణం కాదని నా గట్టి నమ్మకం.

ఇక్కడే ఆస్ట్రేలియా వాడు ఆండ్రూ ట్రిడ్జెల్ గురించి చెప్పాలి. కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉండగా, 1991-92 ప్రాంతంలో, తన పీసీకి యూనిక్స్ ఫైళ్లు కనిపించాలని ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. తర్వాత దానికి సాంబా అని పేరొచ్చింది. విండోస్ యంత్రాలు ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుకుంటాయో రాసిన పత్రాలు చాలావరకు లేవు. అతని పద్ధతి అతనే వివరించాడు: ఫ్రెంచ్ రాకుండా ఫ్రెంచ్ హోటల్లో కూర్చున్నవాడు, పక్క బల్లవాళ్లు ఏ మాట అంటే సర్వర్ ఏం తెచ్చిపెడుతున్నాడో చూసి భాష నేర్చుకున్నట్టు. నెట్‌వర్క్ తీగ మీద పోయే పొట్లాల్ని ఒక్కొక్కటే చూసి, తిరిగి పంపి, ఏం జవాబొస్తుందో గమనించి ఏళ్ల తరబడి అతని బృందం చేసిన పని అది. ఖరీదైన లైసెన్సులు కొనలేని కాలేజీలకి ఫైల్ సర్వర్ దక్కిందంటే వాళ్ల ఓపిక వల్లే.

లినక్స్ యంత్రాలూ యాక్టివ్ డైరెక్టరీనే అడగడం మొదలుపెట్టి పాస్‌వర్డ్ చిక్కు వీడాక, నంబర్ల చిక్కు మిగిలింది. విండోస్ మనిషిని ఎస్.ఐ.డి. అనే పొడవాటి గొలుసుతో గుర్తుపడుతుంది, యూనిక్స్ చిన్న అంకెతో గుర్తుపడుతుంది. మెల్‌బోర్న్‌లోని ల్యూక్ హోవర్డ్ 1998లో ఆర్.ఎఫ్.సి. 2307 అనే పత్రం రాసి, యూనిక్స్ అంకెనీ హోమ్ డైరెక్టరీనీ ఎల్‌డ్యాప్‌లో ఎక్కడ రాయాలో చూపించాడు. అలా రాయని చోట సాంబాలోని విన్‌బైండ్, వచ్చినవాడికి వచ్చిన వరుసలో అంకె ఇచ్చేది. మా లినక్స్ ల్యాబులో జరిగింది అదే. ఒక యంత్రంలో మొదట లాగిన్ అయిన అమ్మాయికి ఒక అంకె, పక్క యంత్రంలో మొదట వచ్చిన అబ్బాయికీ అదే అంకె. హోమ్ డైరెక్టరీలేమో అందరివీ ఒకే సర్వర్లో. "సార్, నా రికార్డు ప్రోగ్రాములు వేరేవాళ్ల పేరు మీద ఉన్నాయి" అని ఆ అమ్మాయి వచ్చి నిలబడితే, లోపలి సంగతి ఆమెకి బోర్డు మీద గీసి చెప్పాను. ఆ తర్వాత ఎస్.ఐ.డి. చివరి భాగం నుంచే అంకె లెక్కగట్టే పద్ధతికి మారాం. ఏ యంత్రమైనా అదే లెక్క వేస్తుంది, అదే జవాబొస్తుంది.

ఇక రహస్యాల సంగతి. సన్ కంపెనీ 1998లో చేసిన ఫిర్యాదు మీద యూరోపియన్ కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, సర్వర్లు మాట్లాడుకునే వివరాలు పోటీదారులకి ఇవ్వాలని ఆదేశించింది. 2007 సెప్టెంబరులో లక్సెంబర్గ్ కోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. అదే డిసెంబరులో, సాంబా కోసం ఏర్పడిన ఒక సంస్థ ఒకేసారి 10,000 యూరోలు చెల్లించి పత్రాలు తీసుకుంది. వాటి ఆధారంతో రాసిన ప్రోగ్రాం మాత్రం అందరికీ తెరిచి ఉంచవచ్చన్నది ఒప్పందం. 2012 డిసెంబరు 11న సాంబా 4.0 వచ్చింది. విండోస్ యంత్రాలు తమదేనని నమ్మి లాగిన్ అయ్యే డొమైన్ సర్వర్ ఇప్పుడు లినక్స్ మీద నడవగలదు. వాళ్లు ఆ విడుదల ప్రకటనలోనే మైక్రోసాఫ్ట్ పత్రాల సాయాన్నీ, అక్కడి ఇంజనీర్లతో కలిసి చేసిన పరీక్షలనీ పేర్కొన్నారు. అన్నేళ్లు తీగ మీద చెవి పెట్టి విన్నవాళ్లూ, ఆ మాటలు రాసినవాళ్లూ ఒకే గదిలో కూర్చున్నారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చే ఘట్టం ఇది.

కాలేజీ మెయిల్ క్లౌడ్‌కి వెళ్లాక రెండు పుస్తకాలు మళ్లీ తయారయ్యాయి. మైక్రోసాఫ్ట్ పద్ధతిలో పేర్లూ గ్రూపులూ మామూలుగా అరగంటకోసారి పైకి వెళ్తాయి, పాస్‌వర్డ్ మార్పు రెండు నిమిషాలకోసారి వెళ్తుంది. అక్కడికి వెళ్లేది మాత్రం అసలు మాట కాదు, పిప్పికి ఉప్పు కలిపి మళ్లీ వెయ్యిసార్లు తిప్పిన పిప్పి. మోరిస్, థాంప్సన్‌లు 25 సార్లు తిప్పిన లెక్క ఎక్కడికి వచ్చిందో మూడో సంవత్సరం పిల్లలకి ల్యాబులో చూపిస్తుంటాను. బ్యాచ్‌కి ఇద్దరు ముగ్గురైనా క్లాసయ్యాక ఆగి, నెట్‌వర్క్ పొట్లాల్ని తామే తెరిచి చూస్తామంటారు. వాళ్లకోసం మూలన ఒక యంత్రం విడిగా ఉంచాను.