అన్నీ అడిగాం, ఆ ఒక్కటీ తప్ప

సోషల్ వర్క్ అనే వృత్తి ప్రశ్నలతోనే పుట్టింది. 1869లో లండన్‌లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ అని ఒక సంఘం ఏర్పడింది. అడిగిన ప్రతివాళ్లకీ దానం చేసుకుంటూ పోతే పేదరికం పోదని, వాకబు చేసి, తగినవాళ్లని తేలాకే ఇవ్వాలని వాళ్ల సిద్ధాంతం. అందుకని సంఘం మనుషులు పేదల ఇళ్లకు వెళ్లేవారు. సంపాదన ఎంత, అద్దె ఎంత, అప్పులెన్ని, తాగుడుందా, ఆదుకునే చుట్టాలెవరైనా ఉన్నారా, అన్నీ అడిగి రాసుకునేవారు. అంతటితో ఆగక పనిచ్చిన యజమానినీ, ఇల్లు అద్దెకిచ్చినవాళ్లనీ కూడా వాకబు చేసేవారు. మా కుటుంబ సలహా కేంద్రంలో రాసే కేసు ఫైలుకు మూలం ఆ కాగితాలే.

అమెరికాలో ఈ పనిని శాస్త్రంగా మార్చిన మనిషి మేరీ రిచ్‌మండ్. 1889లో బాల్టిమోర్‌లోని ఇలాంటి సంఘంలోనే చిన్న ఉద్యోగంలో చేరి, 1917లో ‘సోషల్ డయాగ్నసిస్’ అన్న పెద్ద గ్రంథం రాసింది. కుటుంబం నుంచి, బడి నుంచి, డాక్టరు నుంచి, ఇరుగుపొరుగు నుంచి సమాచారం ఎలా రాబట్టాలో, ఏది నమ్మాలో, ఏది నమ్మకూడదో అందులో ఓపిగ్గా చెప్పింది. ఆమె అంటే నాకు గౌరవం. నోటిమాట మీద, కనికరం మీద నడిచే పనికి ఆమె ఒక క్రమం తెచ్చింది. ఆ క్రమమే సముద్రం దాటి మన దేశానికీ వచ్చింది. బొంబాయిలో నాగ్‌పాడా పేటలో సేవాకేంద్రం నడిపిన అమెరికన్ మిషనరీ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ తొలి డైరెక్టరుగా 1936లో టాటాల సోషల్ వర్క్ పాఠశాల మొదలైంది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) అదే. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలిగా కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడ్డాక స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ నిధులు అందాయి, పని ఊళ్లకు చేరింది. ఫైలు కూడా దాని వెంటే నడిచింది.

ఇంతకాలం ఆ ఫైలులో లేని ప్రశ్న ఒకటుంది. “మేం చేసిన సాయం నీకు పనికొచ్చిందా?” అన్నది.

ఈ ప్రశ్నను తీరిగ్గా కూర్చుని అడిగినవాళ్లు జాన్ మేయర్, నోయల్ టిమ్స్. మొదటాయన అమెరికన్ సమాజశాస్త్రవేత్త, రెండో ఆయన ఇంగ్లండు మనిషి. లండన్‌లో ఫ్యామిలీ వెల్ఫేర్ అసోసియేషన్ దగ్గరికి సాయానికి వెళ్లొచ్చిన 61 మందితో మాట్లాడి, 1970లో ‘ద క్లయింట్ స్పీక్స్’ అని పుస్తకం తెచ్చారు. ఆ అసోసియేషన్ మరెవరో కాదు, 1946లో పేరు మార్చుకున్న పాత చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీయే. ఊరందరి గుట్టూ విచారించిన సంస్థ గురించి, పుట్టిన నూరేళ్లకు, సాయం పొందినవాళ్లను విచారించారన్నమాట.

ఆ పుస్తకంలోని మనుషులు నాకు పరాయివాళ్లుగా అనిపించలేదు. మొగుడితో వేగలేక వచ్చిన ఆడమనిషి, అతన్ని పిలిపించి బుద్ధి చెబుతారని ఆశపడింది. సోషల్ వర్కరేమో ఆమె చిన్నతనం గురించి, ఆమె మనసులోని మాట గురించి అడుగుతూ కూర్చుంది. వర్కరు దృష్టిలో అదే చికిత్స. ఈమెకేమో, తప్పు చేసినవాణ్ని వదిలేసి తనను తవ్వుతున్నారనిపించింది. నా మాట నమ్మలేదేమో, నా మీద శ్రద్ధ లేదేమో అనుకుంది. అద్దె కట్టలేక వచ్చినవాళ్లదీ ఇదే వరస. వాళ్లకు కావలసింది డబ్బు, ఎదురైంది సంసారం సంగతుల ఆరా. ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. అవతలివాళ్లు ఏ లెక్కన ఆలోచిస్తున్నారో ఇద్దరిలో ఒక్కరికీ తెలియలేదు, అంతే. మా దగ్గరికి వచ్చే ఆడవాళ్లూ మొదట అనే మాట “మా ఆయన్ని పిలిపించి నాలుగు చివాట్లు పెట్టండి మేడం” అనే. రెండోసారి పిలిస్తే రాకపోతే “పార్టీ హాజరు కాలేదు” అని రాసి ఫైలు మూసేస్తారు. ఎందుకు రాలేదో రాయడానికి అందులో గడి ఉండదు.

అయితే మేయర్, టిమ్స్ అడిగింది పని ముగిశాక. ఆ జవాబు తర్వాత వచ్చేవాళ్లకు అక్కరకొస్తుంది గానీ, చెప్పిన మనిషికి కాదు. సాయం నడుస్తుండగానే, వచ్చిన ప్రతిసారీ అడగాలన్న పద్ధతి మానసిక చికిత్స రంగంలో బలపడింది. అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో మైకేల్ లాంబర్ట్ బృందం 45 ప్రశ్నల పత్రం ఒకటి తయారు చేసింది. వచ్చిన మనిషి దాన్ని నింపితే, పరిస్థితి ఎటు పోతోందో చికిత్స చేసేవాళ్లకు రంగుచుక్కతో తెలిసేది. ఎర్రచుక్క పడిందంటే ఈ మనిషి చేజారిపోతున్నారని హెచ్చరిక. అలాంటి హెచ్చరిక అవసరమా, అనుభవమున్నవాళ్లకు ఆ మాత్రం తెలియదా అనేవాళ్లకు 2005లో వచ్చిన ఒక అధ్యయనం సమాధానం చెప్పింది. 550 మందిలో ఎవరి పరిస్థితి దిగజారుతుందో ముందే చెప్పమని చికిత్స చేసేవాళ్లనే అడిగారు. వాళ్లు ముగ్గురిని చూపించారు. నిజానికి దిగజారినవాళ్లు 40 మంది. ఆ ముగ్గురిలో నిజమైంది ఒక్కరి విషయమే. ఈ అంకెలు చదివాక “నాకు మొహం చూస్తే తెలిసిపోతుంది” అనే మాటను నేను ఎవరి నోట విన్నా ఒప్పుకోలేను.

45 ప్రశ్నలంటే విసుగొస్తుంది. స్కాట్ మిల్లర్, బ్యారీ డంకన్, వాళ్లతో పనిచేసినవాళ్లు దాన్ని నాలుగు గీతలకు కుదించి 2003లో ప్రచురించారు. ఒక్కో గీత 10 సెంటీమీటర్లు. నీకెలా ఉంది, ఇంట్లో ఎలా ఉంది, బయట పనిలో, నలుగురిలో ఎలా ఉంది, మొత్తం మీద ఎలా ఉంది. గీత మీద ఒక చోట గుర్తు పెడితే చాలు. వెళ్లేముందు ఇంకో నాలుగు గీతలు: నా మాట విన్నారా, నాకు కావలసిన విషయమే మాట్లాడామా, ఈ పద్ధతి నాకు నప్పిందా, ఈరోజు ఎలా సాగింది. నార్వేలో 205 జంటలతో ఇది చేసి చూసి 2009లో ఫలితాలు వెల్లడించారు. గీతలు గీసి, వాటి గురించి మాట్లాడుకున్న జంటల్లో బాగుపడినవాళ్లు మిగతావాళ్లకంటే దాదాపు నాలుగు రెట్లు. తర్వాతి అధ్యయనాల్లో కొన్నిటిలో ఇంత లాభం కనిపించలేదు. కనిపించదు కూడా. గుర్తు పెట్టించుకుని కాగితాన్ని ఫైల్లో కుట్టేస్తే, అది ఇంకో కాగితం, అంతే.

మన దగ్గర ఇదే ఆలోచన వేరే దారిన వచ్చింది. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం ప్రభుత్వ పనుల లెక్కలను జనం ముందు చదివించింది. 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ పథకానికి ఆధారమైన చట్టంలోని 17వ సెక్షన్ ఇలాంటి సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. కూలీల ఇళ్ల పిల్లలే శిక్షణ పొంది ఇంటింటికీ తిరిగారు. మస్టరులో ఉన్న పనిదినాలు, అందిన కూలి నిజమేనా అని అడిగారు. గ్రామసభలో చదివి వినిపించారు, మండల ప్రజావేదికలో అధికారుల చేత జవాబు చెప్పించారు. ఈ పనికి ప్రత్యేకంగా 2009లో ఉమ్మడి రాష్ట్రంలో ఒక స్వతంత్ర సంస్థే ఏర్పడింది. గీతలకూ దీనికీ పోలిక తక్కువే. ఇక్కడ లెక్క అడిగారు గానీ, మనసు అడగలేదు. కానీ మా వృత్తివాళ్లం నేర్చుకోవలసిన విషయం ఒకటుంది. సాయం ఇచ్చేవాళ్లే అడిగితే నిజం రాదు.

మా కేంద్రంలో నేను ఎదురుగా కూర్చుని “ఎలా ఉందమ్మా?” అంటే, “మీ దయ మేడం, అంతా బాగుంది” అనేవారు. అనక ఏం చేస్తారు? రేపు మళ్లీ నా దగ్గరికే రావాలి. శిక్షణకు వచ్చిన ఒక విద్యార్థిని గేటు దాకా వాళ్లతో నడుస్తూ అడిగితే, వేరే జవాబు వచ్చింది. “పిలిచేదాకా ఆయన పక్కనే బల్ల మీద కూర్చోబెడతారు. లోపలేం చెప్పాలో అక్కడే బెదిరిస్తాడు.” ఆ తర్వాత భార్యకూ భర్తకూ వేర్వేరు వేళలు ఇచ్చాం. లోపల వినిపించే కథలు మారాయి. కౌన్సెలింగు గురించి ఏ పాఠ్యపుస్తకమూ నాకు వరండాలోని బల్ల సంగతి చెప్పలేదు.

సలహా కేంద్రాల్లో, బాధిత మహిళలను ఆదుకునే సఖి కేంద్రాల్లో, వృద్ధాశ్రమాల్లో పనిచేస్తున్న చెల్లెళ్లకూ తమ్ముళ్లకూ నా విన్నపం ఇది. ప్రతి ఫైల్లో ఒక కాగితం అదనంగా పెట్టండి. వచ్చిన మనిషి వెళ్లేముందు, మీరు కాకుండా ఇంకొకరి చేత, ఈరోజు పనికొచ్చిందేమిటో, పనికిరానిదేమిటో అడిగించండి. చదువురాకపోతే గీత మీద గుర్తు పెట్టించండి. చెప్పిన మాటను బాగుచేయకుండా వాళ్ల మాటల్లోనే రాయించండి. మళ్లీ వాళ్లొచ్చినప్పుడు ముందుగా ఆ కాగితం తీసి, దాని ప్రకారం ఏం మార్చారో వాళ్లకు చెప్పండి.