సూపర్‌మేన్‌కి జాంబవంతుడెవరు?

మన కథల్లో బలవంతులకి కొదవ లేదు. కొండలెత్తినవాళ్లు, సముద్రాలు దాటినవాళ్లు, చెట్లు పెళ్లగించి గదల్లా తిప్పినవాళ్లు ఎంతమంది కావాలంటే అంతమంది! అయినా 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ తీసిన ‘హను-మాన్’ విడుదలైనప్పుడు, తెలుగులో ఇదే మొదటి సూపర్‌హీరో సినిమా అని మా పటాన్‌చెరులో చాలామంది అనుకున్నారు. మా చెల్లెలి కొడుకైతే పందెం కాయడానికే సిద్ధపడ్డాడు.

“1980లోనే రామారావుగారు సూపర్‌మేన్ అయ్యారురా” అన్నాను.

వాడు నా వంక జాలిగా చూసి, “ఏంది పెద్దమ్మా, ఎన్టీఆర్ గాల్లె ఎగిరిండా?” అన్నాడు.

ఎగిరారు మరి! చిత్రం పేరే ‘సూపర్‌మేన్’. దర్శకుడు వి. మధుసూదనరావు, నాయిక జయప్రద. అంతకు రెండేళ్ల ముందు, 1978లో క్రిస్టఫర్ రీవ్ ఎగిరిన హాలీవుడ్ చిత్రం లోకమంతా ఆడింది. మనవాళ్లు ఆ పేరూ ఆ ఎగరడమూ తెచ్చుకున్నారు గాని, లోపలి సరుకు మాత్రం మార్చేశారు. అమెరికా సూపర్‌మేన్‌ని 1938లో సీగెల్, షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు బొమ్మల కథగా లోకానికి పరిచయం చేశారు. అతను క్రిప్టాన్ అనే వేరే గ్రహంలో పుట్టినవాడు. మనవాడికి వేరే గ్రహం ఎందుకు, ఊరూరా ఆంజనేయస్వామి గుడి ఉండగా? చిన్నప్పుడే దుండగులు తల్లిదండ్రుల్ని పొట్టన పెట్టుకుంటారు. స్వామి అనుగ్రహంతో పిల్లవాడికి బలం వస్తుంది, పెద్దయ్యాక పగ తీర్చుకుంటాడు. అంతే కథ.

నేను దాన్ని ఎన్నో ఏళ్లకు, అద్దెకు తెచ్చిన వీడియో కేసెట్లో చూశాను. అప్పటికి రామారావుగారికి యాభయ్యేడేళ్లన్న సంగతి నన్నేం బాధించలేదు. నాకు నవ్వు తెప్పించింది మరొకటి. 1963 నాటి ‘లవకుశ’లో రాముడైన మనిషి, ఇక్కడ హనుమంతుడి దగ్గర చెయ్యి చాచడం! యజమాని వచ్చి బంటుని అప్పడిగినట్టు లేదూ?

చెప్పిన కథనే మళ్లీ మొదట్నుంచీ చెప్పడాన్ని ఈకాలం పిల్లలు ‘రీబూట్’ అంటున్నారు. మొరాయించిన కంప్యూటర్ని ఆపి మళ్లీ వెలిగించడం లాంటిదట. మనకిది కొత్తేం కాదు. 1934లో ‘లవకుశ’ తీసిన సి. పుల్లయ్యగారే రంగుల్లో మళ్లీ మొదలుపెడితే, కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేశారు. హరికథకుడు ఏటా చెప్పేది ఆ రామాయణమే. ముగింపు తెలిసి కూడా జనం తెల్లవార్లూ కూర్చునేవారు. కాబట్టి పాత కథని మళ్లీ తీశారని విసుక్కునే రకం కాదు నేను. మళ్లీ వెలిగించినప్పుడు ఏది వెలిగిందన్నదే నాక్కావాలి.

హనుమంతుడి కథలో బలం కన్నా మతిమరుపే నాకు ఎక్కువిష్టం. చిన్నతనంలో మునుల్ని అల్లరి పెడితే, నీ బలం నీకు గుర్తుండదు పొమ్మని శపించారు. సముద్రం ఒడ్డున అందరూ దిగాలుగా కూర్చున్నప్పుడు ఆ బలాన్ని గుర్తుచేసినవాడు ముసలి జాంబవంతుడు. ఆయన నోరు విప్పకపోతే లంకా లేదు, సుందరకాండా లేదు. 1980 చిత్రంలో లోపించింది ఈ జాంబవంతుడే. అందులో బలం పగకి పనికొచ్చింది. పగ తీరాక ఆ బలాన్ని ఏం చేసుకోవాలో అడిగే పెద్దదిక్కు లేదు.

‘హను-మాన్’ దీన్ని పట్టుకుంది. హనుమంతు (తేజ సజ్జా) అంజనాద్రి అనే ఊళ్లో చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడు. నీళ్లలో ఓ మణి దొరికి బలవంతుడవుతాడు. వాడికి బుద్ధి చెప్పే అక్క అంజమ్మ ఉంది, నీ బలం ఎందుకో తెలుసా అని అడిగే విభీషణుడున్నాడు. ప్రతినాయకుడు మైఖేల్‌ని చూడండి, సూపర్‌హీరోలకి అమ్మానాన్నలుండరని కన్నవాళ్లనే చంపుకుంటాడు! పాత సూపర్‌మేన్‌కి దుఃఖమైనది వీడికి అర్హత అయింది. ఈ ఒక్క ఊహకే నేను టిక్కెట్టు డబ్బులు ముట్టాయనుకున్నాను. ఆ మణి ఎండ ఉన్నంతసేపే పనిచేస్తుందనడం కూడా సొగసుగా ఉంది గాని, నైట్ షిఫ్టుకి పోయే మా పారిశ్రామికవాడ వాళ్లు ఆ నిబంధన విని ఏమనుకున్నారో!

నచ్చనిదీ ఉంది. చివర్లో ఈ కథ తెమలకుండానే రాబోయే ‘జై హనుమాన్’ కోసం ఊరించడం మొదలుపెట్టారు. విస్తట్లో పెరుగు పడకముందే రేపటి టిఫిను సంగతి మాట్లాడే ఇల్లాలంటే నాకు పడదు.

విచిత్రం ఏమిటంటే, 2025లో వచ్చిన అమెరికా ‘సూపర్‌మేన్’ కూడా ఇక్కడికే చేరింది. కన్నవాళ్లు పంపిన సందేశంలో చెడిపోయిన సగం బయటపడితే, భూమిని ఏలుకోమని ఉంటుంది! పిల్లవాడు కుంగిపోతాడు. పెంచిన తండ్రి, కాన్సస్ పల్లెటూరి రైతు, నువ్వు ఎంచుకునేదే నువ్వు అని సర్దిచెబుతాడు. క్రిప్టాన్ బలానికి పొలంగట్టు మీద దొరికాడు జాంబవంతుడు.

మా ఊరి నుంచి చూస్తే ఇది వట్టి సినిమా గొడవలా అనిపించదు. హనుమంతుడు మందుమొక్క కోసం కొండనే మోసుకొచ్చాడు. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీలు దేశానికంతా మందులు చేసి పంపాయి, ఆ వ్యర్థాలు మాత్రం నక్కవాగులో కలిశాయి. ఎగిరొచ్చి వాగుని శుభ్రం చేసినవాడెవడూ లేడు. పాడైన పొలాల రైతులే నలుగురూ ఒకరికొకరు చెప్పుకున్నారు, తిరిగారు. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు గడప ఎక్కింది. ఆ రోజుల్లో ఏ కల్లంలోనో, ఏ రచ్చబండ మీదో మొదట నోరు విప్పిన ముసలాయన ఎవరో గాని, ఆయన మీద సినిమా తీస్తే మొదటి ఆటకే వెళ్తాను.

ప్రస్తుతానికి నా ధ్యాసంతా ‘జై హనుమాన్’ మీద ఉంది. మా వాడు హనుమంతుడి వేషం గురించే మాట్లాడుతున్నాడు. ఎవరేస్తే నాకేం? అందులో జాంబవంతుడంటూ ఉంటే ఆ వేషం ఎవరికిస్తారో కనుక్కురమ్మన్నాను. “అదెవలు పట్టించుకుంటరు పెద్దమ్మా!” అని వెళ్లిపోయాడు వెధవ.