తెలుగు అక్షరంపై నింద, సాఫ్ట్‌వేర్‌లో లోపం: ఆరోపణ నుండి నిర్ధారణ వరకు

(ప్రత్యేక వ్యాసం)

వరంగల్: "ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను స్తంభింపజేస్తున్నది" అనే వార్త 2018 ఫిబ్రవరి మాసంలో ప్రపంచవ్యాప్తంగా ప్రచురితమైంది. ఆ అక్షరం "జ్ఞా". జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం, విజ్ఞాపన వంటి నిత్య వ్యవహారంలోని పదాలన్నింటిలోనూ ఈ అక్షరం ఉన్నది. ఆ వార్తను యథాతథంగా నమ్మితే, ప్రజలు సమర్పించే ప్రతి విజ్ఞాపన పత్రమూ ఫోన్లకు ప్రమాదకరమేనని భావించవలసి వచ్చేది. కొద్ది రోజులలోనే వాస్తవం వేరని తేలింది. సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉన్నదన్న ఆరోపణ వెలువడినప్పుడు దానిని ఏ విధంగా పరిశీలించాలి, ఏ దశలో దానిని నిర్ధారిత లోపంగా పరిగణించాలి అనే విషయాలను ఈ ఉదంతం స్పష్టంగా తెలియజేస్తుంది. పాత్రికేయులకు, అధికారులకు ఉపయుక్తంగా ఉండే వివరాలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

జరిగినదేమిటి?

ఒక నిర్దిష్టమైన అక్షర సముదాయం సందేశంగా అందిన వెంటనే, ఐఓఎస్ 11 శ్రేణి సాఫ్ట్‌వేర్‌తో పనిచేసే ఫోన్లలో సంబంధిత అప్లికేషన్ మూతపడేది. తెరిచిన ప్రతిసారీ తిరిగి మూతపడేది. అదే సందేశం తెరపై ప్రకటన రూపంలో కనిపించినట్లయితే ఫోన్ ప్రధాన తెర సైతం పనిచేయని పరిస్థితి ఏర్పడేది. అక్షరాలను తెరపై అమర్చే "కోర్ టెక్స్ట్" అనే భాగంలో ఈ లోపం ఉన్నది. ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి దీనిని సరిదిద్దింది. మాక్ కంప్యూటర్లకు, ఆపిల్ గడియారాలకు, టీవీ పరికరాలకు కూడా సవరణలు వెలువడ్డాయి. ఈ లోపానికి సీవీఈ-2018-4124 అనే సంఖ్య కేటాయించబడింది. అందిన అక్షరాలను సరిగా పరిశీలించకపోవడం వలన మెమరీ దెబ్బతిన్నదని ఆ సంస్థ తన ప్రకటనలో పేర్కొన్నది.

దోషి అక్షరం కాదు

మామూలుగా టైపు చేసిన "జ్ఞా" వలన ఏ ఫోనూ ఆగిపోలేదు. ఆ అక్షరంలో జకారం, పొల్లు, ఞకారం, దీర్ఘం అనే నాలుగు సంకేతాలు వరుసగా ఉంటాయి. ఫోన్లను ఆపివేసిన సందేశంలో ఞకారానికి, దీర్ఘానికి నడుమ కంటికి కనిపించని ఐదవ సంకేతం ఒకటి ఉన్నది. యూనికోడ్‌లో దీనిని "జీరో విడ్త్ నాన్ జాయినర్" అని వ్యవహరిస్తారు. అక్షరాలను కలవకుండా విడదీయడమే దీని పని.

తెలుగు రచనకు ఈ విడదీత సంకేతం అత్యావశ్యకం. "వరంగల్" అనే పేరుకు "లో" అనే విభక్తి ప్రత్యయాన్ని నేరుగా చేర్చినట్లయితే కంప్యూటర్ లకారానికి ఒత్తునిచ్చి "వరంగల్లో" అని చూపుతుంది. నడుమ విడదీత సంకేతాన్ని ఉంచితే "వరంగల్‌లో" అని చూపుతుంది. సాఫ్ట్‌వేర్, హన్మకొండ బస్‌స్టేషన్ వంటి మాటలలోనూ ఇదే అవసరం ఏర్పడుతుంది. అయితే హల్లుకు, దాని గుణింతపు గుర్తుకు నడుమ ఈ సంకేతానికి భాషాపరమైన ప్రయోజనమేదీ లేదు. అనూహ్యమైన ఆ స్థానంలో అది ఎదురైనప్పుడు తట్టుకోలేకపోవడమే సాఫ్ట్‌వేర్‌లోని అసలు లోపం.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మనీష్ గోరేగావ్కర్ 2018 ఫిబ్రవరి 15న ప్రచురించిన విశ్లేషణలో ఈ సంగతిని వివరించారు. అక్షరాలను ఒక్కొక్కటిగా మార్చి పరీక్షించి, దేవనాగరి, బెంగాలీ లిపులలోని కొన్ని సంయుక్తాక్షరాలకు సైతం ఇదే ఫలితం వస్తున్నదని ఆయన చూపారు. కాగా, కోర్ టెక్స్ట్ మూలసంకేతం బహిరంగంగా లభ్యం కానందున ఆయన ఫలితాలను బట్టి కారణాన్ని ఊహించవలసి వచ్చింది. తుది నిర్ధారణ, సవరణ ఆపిల్ సంస్థ చేతిలోనే ఉండినవి.

మూలాలు తెరిచి ఉన్న చోట

ఇదే పనిని ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లలో, లిబ్రే ఆఫీస్‌లో "హార్ఫ్‌బజ్" అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ నిర్వహిస్తుంది. ఏ హల్లు తరువాత ఏ ఒత్తు రావాలి, గుణింతపు గుర్తు ఎక్కడ నిలవాలి అనే నియమాలను అందులో ఎవరైనా చదవవచ్చును. తప్పు కనిపిస్తే ఏ వరుసలో ఉన్నదో చూపవచ్చును, సవరణను ప్రతిపాదించవచ్చును.

తెలుగు ఖతుల విషయంలోనూ ఇటువంటి కృషి జరిగింది. మహాకవి పోతన స్వగ్రామమైన బమ్మెర పూర్వపు వరంగల్ జిల్లాలోనిది, ప్రస్తుతం జనగామ జిల్లాలో ఉన్నది. ఆ కవి పేరిట తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000 యూనికోడ్ ఖతి గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు క్రింద అందరికీ అందుబాటులోనికి వచ్చింది. ఖతి అక్షర రూపాలను అందిస్తే, హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేర్ వాటిలో తగిన రూపాన్ని ఎంపిక చేస్తుంది. "ఫ్రీటైప్" అనే మరొక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆ రూపాన్ని చుక్కలుగా మార్చి తెరపై చిత్రిస్తుంది.

ఫ్రీటైప్‌లోనూ తీవ్రమైన లోపం బయటపడిన సందర్భం ఉన్నది. గూగుల్ ప్రాజెక్ట్ జీరో బృందానికి చెందిన సెర్గీ గ్లాజునోవ్ 2020 అక్టోబర్ 19న దీనిని తెలియజేశారు. ఖతిలో పొందుపరచిన బొమ్మల ద్వారా మెమరీని దెబ్బతీయగల ఈ లోపాన్ని అప్పటికే దుండగులు ఉపయోగిస్తున్నారు. మరుసటి రోజుననే సవరించిన 2.10.4 వెర్షన్ విడుదలైంది. లోపానికి సీవీఈ-2020-15999 అనే సంఖ్య లభించింది. లోపమేమిటి, ఏ వరుసను మార్చినారు, మార్పు సరిపోతుందా అనే మూడు ప్రశ్నలకూ సమాధానం బహిరంగంగా లభించడం ఇక్కడి విశేషం.

తెరిచి ఉన్నంత మాత్రాన సరిపోదు

మూలసంకేతం బహిరంగంగా ఉన్నంత మాత్రాన ఎవరో ఒకరు దానిని చదివే ఉంటారని భావించడం పొరపాటు. ఇంటర్నెట్ భద్రతకు ఆధారమైన ఓపెన్ ఎస్ఎస్ఎల్‌లో 2012 మార్చిలో విడుదలైన 1.0.1 వెర్షన్‌తో ప్రవేశించిన "హార్ట్‌బ్లీడ్" లోపం 2014 ఏప్రిల్ 7 వరకు, అనగా రెండు సంవత్సరాలకు పైగా, వెల్లడి కాలేదు. ఎదుటి కంప్యూటర్ చెప్పిన పొడవును సరిచూడకుండా నమ్మినందున, ప్రతి అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు మెమరీలోని రహస్య సమాచారం బయటకు పొక్కే అవకాశం ఏర్పడింది. గూగుల్‌కు చెందిన నీల్ మెహతా, ఫిన్లాండ్‌కు చెందిన కోడెనోమికాన్ సంస్థ ఇంజనీర్లు దీనిని వేర్వేరుగా కనుగొన్నారు.

2024 మార్చి 29న వెల్లడైన "ఎక్స్‌జెడ్" ఉదంతం మరింత ఆందోళనకరమైనది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్‌లో లాగిన్ కావడానికి సుమారు అర సెకను అదనంగా పడుతున్నదని గమనించి కారణాన్ని అన్వేషించారు. ఫైళ్ల పరిమాణాన్ని కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో నిర్వాహక హోదా పొందిన వ్యక్తే దొంగదారిని అమర్చినట్లు తేలింది. అర సెకను ఆలస్యాన్ని ఉపేక్షించని ఒక వ్యక్తి శ్రద్ధ వలన పెను ప్రమాదం తప్పింది.

ప్రతి ఆరోపణా లోపం కాదు

నిజమైన లోపాలను కప్పిపుచ్చడం ఎంత హానికరమో, లేని తీవ్రతను ఆపాదించడం కూడా అంతే హానికరం. సమాచార బదిలీకి విస్తృతంగా ఉపయోగించే "కర్ల్" అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న పొరపాటును 2019లోనే సరిదిద్దారు. వినియోగదారుడు తానే అసాధారణమైన పెద్ద సంఖ్యను నిరీక్షణ కాలంగా ఇచ్చినప్పుడు లెక్క తప్పడమే ఆ పొరపాటు. అయితే 2023 ఆగస్టులో అదే అంశం సీవీఈ-2020-19909 పేరిట నమోదై, అమెరికా జాతీయ లోపాల గణాంక నిధిలో 10కి 9.8 తీవ్రత పొందింది. కర్ల్ నిర్మాత డేనియల్ స్టెన్‌బర్గ్ దీనిని బహిరంగంగా ఖండించిన పిమ్మట తీవ్రత 3.3కు తగ్గించబడింది. సంఖ్య కేటాయించినంత మాత్రాన ఆరోపణ రుజువైనట్లు కాదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

పరిశీలన క్రమం

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉన్నదన్న ఆరోపణను సాధారణంగా ఈ క్రింది క్రమంలో పరిశీలిస్తారు.

1. పునరావృతి: ఆరోపించిన ఫలితం మరొక కంప్యూటర్‌లో, మరొకరి చేతిలో సైతం వస్తున్నదా అని చూడడం. సాఫ్ట్‌వేర్ వెర్షన్ సంఖ్యను, ఉపయోగించిన ఫైలును లేదా వాక్యాన్ని యథాతథంగా భద్రపరచాలి. తెలుగు వాక్యాన్ని తిరిగి టైపు చేస్తే కనిపించని సంకేతాలు జారిపోయే ప్రమాదమున్నది.

2. కుదింపు: లోపాన్ని కలిగించే అతి చిన్న అంశం మిగిలే వరకు అనవసరమైన వాటిని తొలగించడం. "జ్ఞా" విషయంలో విడదీత సంకేతం బయటపడింది ఈ దశలోనే.

3. మూలకారణం: సంకేతంలో ఏ వరుస వలన, ఎప్పటి మార్పు వలన లోపం ఏర్పడినదో గుర్తించడం.

4. తీవ్రత అంచనా: అప్లికేషన్ ఆగిపోవడంతో ముగుస్తుందా, సమాచారం బయటకు పోతుందా, దూరం నుండి కంప్యూటర్‌ను స్వాధీనం చేసుకొనే వీలున్నదా అని నిర్ణయించడం.

5. గోప్యంగా తెలియజేయడం: సవరణ సిద్ధమయ్యే వరకు వివరాలను నిర్వాహకులకు మాత్రమే అందించడం.

6. సవరణ, ప్రకటన: సరిదిద్దిన వెర్షన్‌తో పాటు సీవీఈ సంఖ్యను, వివరాలను ప్రకటించడం.

చట్టం, సంస్థాగత ఏర్పాట్లు

దేశంలో ఈ వ్యవహారాలను సమన్వయపరిచేది సెర్ట్-ఇన్. 2004 జనవరి నుండి పనిచేస్తున్న ఈ సంస్థకు సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 70బి ద్వారా జాతీయ సంస్థ హోదా సంక్రమించింది. 2021లో సీవీఈ సంఖ్యలను కేటాయించే అధికారం కూడా లభించింది. 2022 ఏప్రిల్ 28న జారీ అయిన ఆదేశాల ప్రకారం, నిర్దేశిత సైబర్ సంఘటనలను గమనించిన 6 గంటలలోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయవలసి ఉంటుంది. ప్రభుత్వ వ్యవస్థలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యమివ్వాలని కేంద్ర ప్రభుత్వం 2015లో విధానాన్ని ప్రకటించింది.

ఇతరుల కంప్యూటర్‌లోనికి అనుమతి లేకుండా ప్రవేశించినవారు సమాచార సాంకేతిక చట్టం, 2000 సెక్షన్ 43 క్రింద నష్టపరిహారానికి బాధ్యులవుతారు. నిజాయితీ లేకుండా లేదా మోసపూరితంగా అదే పని చేస్తే సెక్షన్ 66 క్రింద 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చును. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను పరిశోధకుడు తన సొంత కంప్యూటర్‌లో స్థాపించుకొని పరీక్షించగలడు కనుక, ఇతరుల వ్యవస్థను తాకవలసిన అవసరమే రాదు.

గమనించవలసిన అంశాలు

వార్త ప్రచురించే ముందు పాత్రికేయులు నాలుగు విషయాలను నిర్ధారించుకోవడం మేలు: ఏ వెర్షన్‌లో లోపమున్నది, ఆరోపించినవారు కాక మరెవరైనా దానిని పరీక్షించి చూశారా, నిర్వాహకుల స్పందన ఏమిటి, సవరణ వెలువడినదా. సవరణ రాని పక్షంలో లోపాన్ని ఉపయోగించే విధానాన్ని ప్రచురించరాదు.

అధికారులు తమ కార్యాలయంలో వాడే సాఫ్ట్‌వేర్ పేర్లు, వెర్షన్ సంఖ్యలతో జాబితాను సిద్ధంగా ఉంచుకోవాలి. ఆరోపణ వెలువడిన రోజున జాబితా తయారు చేయడానికి ఉపక్రమిస్తే విలువైన సమయం వృథా అవుతుంది. సవరించిన వెర్షన్‌ను ఎవరు, ఎన్ని రోజులలో స్థాపించాలో ముందే నిర్ణయించాలి. తెలుగు పాఠంతో ఇబ్బంది ఎదురైన ప్రతిసారీ తెలుగును పక్కనపెట్టి ఆంగ్లానికి మరలడం పరిష్కారం కాదు.

లిపి తెలిసినవారు పరీక్షించని సాఫ్ట్‌వేర్‌లో ఆ లిపికి సంబంధించిన లోపాలు మిగిలిపోతాయి. పొల్లు, ఒత్తు, గుణింతం, విడదీత సంకేతం ఏయే విధాలుగా కలుస్తాయో తెలుగు చదివినవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా ఆరంభమైన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్న వరంగల్ వంటి నగరంలో భాష తెలిసిన యువ ఇంజనీర్లకు కొదవ లేదు. హార్ఫ్‌బజ్, ఫ్రీటైప్ వంటి సాఫ్ట్‌వేర్ల మూలాలు వారికి తెరిచే ఉన్నాయి. మరొకసారి తెలుగు అక్షరంపై నింద పడినప్పుడు ఆరోపణను పరీక్షించి, లోపం ఎక్కడున్నదో ఆధారాలతో చూపగలిగేవారు తెలుగునాట సిద్ధంగా ఉండవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.