సిన్సియర్‌లో మైనం ఉందా?

1996 లోక్‌సభ ఎన్నికల్లో ఒక్క నల్లగొండ నియోజకవర్గం నుంచే 480 మంది పోటీలో నిలిచారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన, పళ్లు గారకట్టిన పల్లెల గోడు ఢిల్లీ చెవిన పడాలని జల సాధన సమితి వేసిన ఎత్తు అది. బ్యాలెట్ పేపరు పుస్తకమైపోయింది. ఆ ఏడాదే చట్టం మార్చి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. ఆ పోరాటం గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పట్టుకున్నది మాత్రం అందులో నలిగిన ఒక చిన్న మాటను: క్యాండిడేట్.

ఇవాళ అదే నల్లగొండలో పెళ్లి పెట్టుకుని ఫొటో స్టూడియోకు పోతే రెండు రేట్లు చెప్తారు. మామూలు ఫొటోలకు ఒకటి, క్యాండిడ్‌కు ఇంకొకటి. పెళ్లికూతురు మేనత్తతో గుసగుసలాడుతుంటే, పిల్లగాడు లడ్డూ మింగుతుంటే వాళ్లకు తెలియకుండా తీసేది క్యాండిడ్. పోజు లేనిదన్నమాట. మరి చేతులు జోడించి, నవ్వు అతికించుకుని ఫ్లెక్సీకెక్కే క్యాండిడేటును మించిన పోజు ఎవరిది? ఈ ఇద్దరినీ ఒకే మాట ఎట్లా కన్నది?

జాడ రోమ్‌లో దొరుకుతుంది. లాటిన్‌లో 'క్యాండిడస్' అంటే తళతళలాడే తెలుపు. పదవికి పోటీపడే రోమన్ తాను ఒంటికి చుట్టుకునే టోగా అనే వస్త్రానికి సుద్ద పట్టించి, మరింత తెల్లగా మెరిపించుకుని జనంలోకి వచ్చేవాడు. అతడే 'క్యాండిడేటస్', అంటే తెల్లబరచుకున్నవాడు. క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలోనే ఓట్ల కోసం బట్టలకు తెలుపు అద్దుకోవద్దని చట్టం చేశారని చరిత్రకారుడు లివీ రాశాడు. ఆ చట్టం ఏమైందో మన నాయకుల ఖద్దరును చూస్తే తెలుస్తుంది. ఈ ధాతువు సంస్కృతానికీ చుట్టమే: మన చంద్రుడూ, ఇంగ్లిషు క్యాండిలూ ఆ మెరుపులోంచి వచ్చినవే.

తెలుపు దాకా సరే, అది నిర్మొహమాటం ఎట్లా అయిందన్నది అసలు ముడి. మధ్యలో ఒక మెట్టు కనబడకుండా పోయింది. అది జేన్ ఆస్టెన్ దగ్గర దొరుకుతుంది. 1813లో వచ్చిన ఆమె 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్'లో క్యాండర్‌కు, అంటే క్యాండిడ్ గుణానికి, పేరుపడ్డ పాత్ర పేరూ జేనే. ఆ పిల్ల ఎవరినీ పల్లెత్తు మాట అనదు, అందరిలో మంచే చూస్తుంది. ఆనాటి ఇంగ్లిషులో క్యాండిడ్ అంటే అదే: మనసులో మరక లేనిది, తప్పులు వెతకనిది. మరి తప్పు ముఖం మీద చెప్పేవాడు క్యాండిడ్ ఎప్పుడయ్యాడు? 1798లోనే జార్జ్ క్యానింగ్ ఒక వ్యంగ్య కవితలో శత్రువుల సంగతి తాను చూసుకుంటానని, క్యాండిడ్ మిత్రుడి నుంచి మాత్రం కాపాడమని దేవుణ్ణి వేడుకున్నాడు. 'నీ మేలు కోరి చెప్తున్నా' అంటూ మొదలుపెట్టి చీల్చి చెండాడే స్నేహితులు ఊరికొకరుంటారు కదా, వాళ్ల చేతిలో పడి మాట మెల్లగా తిరగబడింది. 1930 ప్రాంతంలో ఎరిక్ సాలమన్ అనే జర్మన్ ఫొటోగ్రాఫర్ పెద్దమనుషుల సమావేశాల్లో చాటుగా తీసిన చిత్రాలతో క్యాండిడ్ కెమెరా అన్న పేరు పుట్టింది. నల్లగొండ స్టూడియో రేటుకు అక్కడ పునాది పడింది.

నిర్మొహమాటానికి మనం వాడే ఇంకో ఇంగ్లిషు మాట ఫ్రాంక్. దాని సంగతి ఇంత చుట్టు తిరగదు. ఫ్రాంకులనే జర్మానిక్ జాతి గాల్ దేశాన్ని, అంటే ఇప్పటి ఫ్రాన్స్ ప్రాంతాన్ని, గెలిచింది. అక్కడ పూర్తి స్వేచ్ఛ వాళ్లదే కాబట్టి ఆ పేరుకే 'స్వేచ్ఛగల' అన్న అర్థం వచ్చింది. రుసుం లేకుండా ఉత్తరం పోనివ్వడం ఫ్రాంకింగ్, అడ్డులేకుండా మాట పోనివ్వడం ఫ్రాంక్‌నెస్. ఆ జాతి పేరే అరబ్బుల, పారశీకుల నోట ఫరంగీ అయి, దక్కనుకు వచ్చి తెల్లవాడికీ వాడి తుపాకీకీ అంటుకుంది. గద్వాల కోటలో ఉన్న పెద్ద ఫిరంగికీ, 'ఫ్రాంక్‌గా చెప్పాలంటే' అనే మన ఊతపదానికీ తాత ఒక్కడే.

ఇక సిన్సియర్. దీనికి మాత్రం కథ సిద్ధంగా ఉంది. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో విననివాళ్లు తక్కువ. రోమ్‌లో మోసకారి శిల్పులు పాలరాతి పగుళ్లలో మైనం నింపి అమ్మేవారట, ఎండకు అది కరిగి గుట్టు బయటపడేదట, అందుకని నిజాయతీపరులు 'సినే సెరా', అంటే మైనం లేనిది, అని రాసి అమ్మేవారట. డాన్ బ్రౌన్ 1998 నాటి 'డిజిటల్ ఫోర్ట్రెస్' నవలలో ప్రేమికుడు ఉత్తరాల కింద దీన్నే సంకేతంగా వాడతాడు. ఎంత ముచ్చటగా ఉందో కథ! నాకు అనుమానం మొదలైంది ఆ ముచ్చట దగ్గరే.

ముందు ఎండ సంగతి. తేనెమైనం కరగాలంటే 62 డిగ్రీలు దాటాలి. నల్లగొండ మే నెల గాలి 45 దగ్గర ఉడికిస్తుంది, రోమ్‌కు అంత వేడి లేదు. ఎండలో రాయి గాలికన్నా ఎక్కువ కాలుతుంది గనుక మైనం మెత్తబడుతుందని ఒప్పుకుందాం. అయినా దీనితో తీర్పు చెప్పలేం, పక్కన పెడదాం.

దీనికన్నా గట్టి సాక్షి విట్రూవియస్, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు వాస్తుకారుడు. రంగు గోడలకు మైనం పట్టించే పద్ధతి చెబుతూ, పాలరాతి విగ్రహాలకు చేసినట్టే అంటాడు. అంటే రోమ్‌లో విగ్రహానికి మైనం పూయడం బాహాటంగా చేసే మెరుగు పని. మెరుగు పెట్టలేదని బోర్డు కట్టి గొప్పలు చెప్పుకునే శిల్పి ఉంటాడా? మన దగ్గరా మైనానికి చెడ్డపేరు లేదు. నల్లగొండ పక్కనున్న పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం కట్టించిన కందూరు చోడులు కల్యాణి చాళుక్యుల సామంతులు. ఆ చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి 12వ శతాబ్దపు 'మానసోల్లాసం' మైనపు బొమ్మ చేసి, మట్టి కప్పి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసే విద్యను వివరిస్తుంది. దాని పేరు మధూచ్ఛిష్ట విధానం. తేనె తీయగా మిగిలిన ఎంగిలితో దేవుణ్ణి పోతపోయడం!

తేనె మాట వచ్చింది కాబట్టి, ఈ కథకు ఇంకో పాఠాంతరం ఉంది: మైనం లేని తేనె. పాలమూరు దిక్కు అమ్రాబాద్ అడవుల్లో తాడు పట్టుకుని కొండచరియకు వేలాడి తేనె దింపే చెంచులకు చెబితే వాళ్లు దీన్నే నమ్ముతారు. పట్టు పిండి, మైనం వేరుచేస్తేనే అది తేనె. శిల్పుల కథకన్నా ఇది నయం. ఇదీ నిలవదు, ఎందుకంటే లాటిన్ 'లేని' అనే అర్థానికి మాటలు కట్టే తీరు వేరు. చింత లేనివాడు అనడానికి ఆ భాష 'సే', 'కూరా' కలిపి 'సెక్యూరస్' చేసుకుంది. మన సెక్యూరిటీ గార్డు అక్కడి నుంచే వచ్చాడు. 'సినే'ను ముందు పెట్టి విశేషణం కట్టే అలవాటు దానికి లేదు.

మరి సిన్సియర్‌కు మూలమైన లాటిన్ మాటను దేనికి వాడేవారు? రోమన్ కవి హోరస్ దాన్ని పాత్రకు వాడాడు, మురికి అంటని పాత్ర అన్న అర్థంలో. ఇంగ్లిషులోకి 16వ శతాబ్దంలో వచ్చినప్పుడూ ముందు మనుషుల గుణానికే పరిమితం కాలేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో పీటర్ మొదటి లేఖ తీస్తే సిన్సియర్ అన్న విశేషణం పాలకు కనిపిస్తుంది. నీళ్లు కలపని పాలు! నిఘంటుకారులు ఎక్కువగా మొగ్గేది కూడా ఇటే: మన 'సమ'కు బంధువైన, 'ఒకటే' అనే అర్థమున్న ధాతువుకు 'పెరగడం' అనే ధాతువు చేరి, ఒకే పుట్టుక, కలగలుపు లేనిది అయింది. సుద్ద పూసిన క్యాండిడేటు కట్టుకథలా వినిపించీ నిజమైంది, మైనం శిల్పి నిజంలా వినిపించీ కట్టుకథగా తేలాడు.

మిగిలిందల్లా మన వాడుక. 'పోరడు మస్తు సిన్సియర్ సారూ' అని నల్లగొండలో ఎవరైనా సిఫారసు చేస్తే, వాడు మనసులో మాటే పైకి చెప్తాడని కాదు. టైముకు వస్తాడు, ఒళ్లు దాచుకోడు, చేతివాటం లేదు అని. లంచం ముట్టని తహసీల్దారు మనకు సిన్సియర్ ఆఫీసర్. ఇప్పటి ఇంగ్లండ్ వాడుకలో ఇది సరిపడదు. అక్కడ సిన్సియర్ అంటే పైమాట, లోమాట ఒకటైనవాడు. వాడు బద్ధకస్తుడైనా కావచ్చు. అందుకే 'సిన్సియర్ స్టూడెంట్' అని మన మాస్టార్లు రాసిచ్చిన లేఖ పట్టుకుని పై చదువులకు పోతే, ఈ పిల్లవాడు బాగా చదువుతాడా, లేక అబద్ధమాడడా అని అక్కడి ప్రొఫెసర్ తికమకపడతాడు. మన మాస్టారు చెప్పదలచింది మాత్రం 1611 నాటి పాలకు దగ్గరగానే ఉంది: కల్తీలేని సరుకు, తీసుకోండి.