తుమ్మలపల్లె రాతిలోని యురేనియము



మా ఓర్వకల్లునకు వచ్చువారెల్లరు రాతివనమును చూచి, ఆ బండల ఆకారములకు ఆశ్చర్యపడి పోవుదురు. నేడు నేను చెప్పబోవునది కంటికి కనబడు ఆకారములను గూర్చి కాదు. ఇదే సీమలో, పులివెందులకు చేరువనున్న తుమ్మలపల్లెలో, కంటికి ఎన్నడును చిక్కని ఆకారములను కడుపున దాచుకొన్న రాయి యున్నది. దాని కథ మన బావినీటిదాక వచ్చినది గనుక, కొంత ఓపికతో ఆలకింపవలెనని ప్రార్థన.

విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు మన కడప, కర్నూలు సీమల రాతిపొరలను పరిశీలించి 1872లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. వేంపల్లె సున్నపురాతి పొరలను అతడు చూచెను, వర్ణించెను. అందు యురేనియము కలదని మాత్రము ఎరుగడు. ఎరుగకపోవుట అతని తప్పు కాదు. ఆనాటికి యురేనియమనగా గాజునకు పసుపు వన్నె నిచ్చు సరకు, అంతే. 1789లో బెర్లిను నగరమున క్లాప్రోత్ అను పండితుడు నల్లని పిచ్‌బ్లెండు రాతినుండి దానిని కనిపెట్టి, 8 ఏండ్ల క్రిందట ఆకసమున కనుగొనబడిన యురేనసు గ్రహము పేరు దానికి పెట్టెను. తన చేతికి వచ్చినది శుద్ధలోహమే యనుకొనెను. కాదు, అది లోహము ఆమ్లజనితో కూడిన భస్మమని 1841లో పారిసున పెలిగో నిరూపించెను. యాబదిరెండేండ్లు లోకమంతయు భస్మమును జూచి లోహమనుకొన్నది! ఆ పదార్థము తనంత తాను కిరణములను వెలువరించునని 1896లో బెకరెల్ కనుగొనిన పిదపగాని దాని అసలు మహిమ తెలియలేదు.

తుమ్మలపల్లె రాయి ఇంచుమించు 200 కోట్ల ఏండ్ల నాటిది. అప్పుడచ్చట నిస్సారమైన మిట్టనేల గాక, లోతులేని సముద్రముండెను. ఆ నీటి అడుగున పేరుకొనిన సున్నపుబురదలో యురేనియము చిక్కుకొన్నది. చిక్కుటయు గడ్డలుగా కాదు. మిల్లీమీటరులో వేయవ వంతు కొలతలలో చెప్పదగిన నలుసులుగా రాతియంతట చెదరియున్నది. నూరు బండ్ల రాతిని తోలినను అందులో యురేనియము ఒక బండిలో ఇరవయ్యవ వంతైనను ఉండదు. మిగిలినదంతయు పిండియై, బురదయై ఎచ్చటనో ఒకచోట నిలువవలసినదే. ఈ సంగతిని శ్రోతలు జ్ఞప్తియందుంచుకొందురుగాక.

ఝార్ఖండమునందలి జాదుగూడలో రాతిని గంధకామ్లముతో కరగింతురు. ఇచ్చట ఆ పద్ధతి సాగదు. నేను బడిలో పిల్లలకు నాపరాతిమీద నిమ్మరసము పిండి బుడగలు చూపెడివాడను. సున్నపురాయి పులుసును త్రాగివేయును. ఎంత పోసినను చాలదు. కావున 2012లో ఆరంభమైన తుమ్మలపల్లె కర్మాగారమున సోడాక్షారమును, ఆమ్లజనిని చేర్చి, రాతిపిండిని మూసిన పాత్రలో వేడియొత్తిడికి గురిచేయుదురు. అచ్చట దొరకిన సోడియము డైయురేనేటు అను పసుపు పొడి హైదరాబాదులోని అణు ఇంధన సముదాయమునకు పోవును.

క్షారమున అది ఏల కరగవలెను? ఇచ్చటనే సూక్ష్మనిర్మాణపు ముచ్చట వచ్చుచున్నది. గవాక్షమున పడిన ఎండలో ఆడు నలుసును మన వైశేషికులు త్రసరేణువనిరి. దానిని ఇంకను విభజించుచు పోయి పరమాణువు కడ ఆగిరి. మనవారికన్నియు మునుపే తెలియునని చెప్పుట నా అభిమతము కాదు. వారిది ఊహ, నేటివారిది కొలత. ఆ కొలత ననుసరించి, ఆమ్లజని చాలినంత తగిలిన యురేనియము కావడి మోయువానివలె నుండును: ఇరువైపుల రెండు కుండలవలె రెండు ఆమ్లజని పరమాణువులు, నడుమ తాను. కుండలు కదలవు. వాని నడుమునకు మాత్రము ఇతరులు చుట్టుకొనవచ్చును. మూడు కార్బనేటులు వచ్చి చుట్టుకొన్నయెడల ఆ కావడివాడు నీటితో కలిసి ఎంతదూరమైనను నడచిపోవును.

అదే నడుమునకు పెరాక్సైడు తగిలినచో కథ మారును. ఆల్ఫా కిరణములు సోకిన నీటిలో, పుండ్లకు పూయు హైడ్రోజను పెరాక్సైడే పుట్టును. 1947లో కాంగోదేశపు షింకొలోబ్వే గనియందు దొరకిన స్టడ్‌టైటు అను పసుపు ఖనిజము ఇట్టిదే. పెరాక్సైడు లంకె చదునుగా నుండక వంగును. మేదరి వంచిన వెదురుబద్దవలె ఆ వంపులన్నియు చేరి గుండ్రని బుట్ట యగును. అమెరికాలో పీటర్ బర్న్స్, ఆయన సహచరులు 2005లో 24, 28, 32 యురేనియములు గల బుట్టలను ప్రకటించిరి. పిమ్మట 2009లో 60 యురేనియముల బుట్ట వచ్చినది. కాలిబంతిపై కుట్టువలె పంచకోణములు, షట్కోణములు దానికి. వెడల్పు మూడు నానోమీటర్లకు లోపు, అనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతులు మూడైనను లేవు. యురేనియము వంటి భారమైన పదార్థము తనంత తాను నీటిలో ఇంత చక్కని అల్లిక అల్లుననుట నాకు ఇప్పటికిని వింతయే.

ఈ మాట చెప్పగా మా ఊరి రైతొకడు "అయ్యవారూ, ఆ బుట్టలు మా బావులలోను ఉండునా?" అని యడిగెను. అతని ప్రశ్న నిరాధారము కాదు. తుమ్మలపల్లె బురదచెరువు సమీపమున కె.కె. కొట్టాల రైతులు బావినీరు చెడినదనియు, అరటితోటలు దెబ్బతిన్నవనియు మొరపెట్టుకొనిరి, సంస్థవారు అంగీకరింపలేదు. 2024లో మన కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళ అడవిలో యురేనియమునకై బోర్లు వేయదలచినప్పుడు, ఆ వార్త వినియే చుట్టుపట్ల గ్రామములవారు ఎదురునిలిచిరి, పని ఆగినది.

నేనిచ్చిన ఉత్తరమిది. బుట్టలకు పెరాక్సైడు సమృద్ధిగా కావలెను. మామూలు బావిలో అది లేదు. బావిలో నుండగలవాడు ఆ కావడివాడే, సున్నమును కార్బనేటును తోడుచేసుకొని. మన సీమ నీటిలో ఆ రెంటికిని కొదువ లేదు. గనిలేని చోటను రాతినుండి వాడు కొంత దిగిరావచ్చును. రంగు లేదు, రుచి లేదు. కాచినందువలన పోడు, నీరావిరియైన కొలది చిక్కబడును. రివర్స్ ఆస్మాసిస్ యంత్రము చాలమట్టుకు ఆపును. లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2011లో హద్దు చెప్పినది. సాధారణముగా ఉప్పు, ఫ్లోరైడు చూచు నీటిపరీక్షలో యురేనియము చేరియుండదు. దానిని పేరుపెట్టి అడుగవలెనని చెప్పితిని. అతడు మరునాడే సీసాతో నీళ్ళు పట్టుకొని కర్నూలు బస్సెక్కెను.