వాడ బాగు వాడవాళ్ల చేతుల్లోనే

ఖిలా వరంగల్‌కు వచ్చినవాళ్లు కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగి, ఖుష్ మహల్ చూసి వెళ్లిపోతుంటారు. ఆ పక్కనే తూర్పుకోట, మధ్యకోట, పడమరకోట వాడల్లో వేలమంది కాపురముంటున్నారు. రాతికోట దాటితే పొలాలు. కాకతీయుల రాజ్యం 1323లో కూలినా కోటలో పొయ్యి వెలుగుతూనే ఉంది. ఇలాంటి వాడలు ఎప్పుడు బాగుపడతాయి, ఎందుకు బాగుపడతాయి అన్నదానికి ఓరుగల్లు చరిత్రే చాలావరకు జవాబు చెబుతుంది.

కాకతీయుల కాలంలో చెరువులన్నీ రాజులే తవ్వించలేదు. సామంతులు, వర్తకులు, ఊరి పెద్దలు కూడా తవ్వించారు. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేయించినవారికి పదో వంతు ప్రతిఫలం దక్కే ఏర్పాటే దశబంధం. తూము తీసి నీళ్లు పంచే నీరటికాడికి పంటలో వాటా ఉండేది. పని చేసినవాడికి ఫలం దక్కేది. బాధ్యత ఎవరిదో ఊరందరికీ తెలిసేది. తర్వాతి కాలంలో చెరువుల పెత్తనం సర్కారు శాఖలకు చేరేకొద్దీ ఈ రెండూ సన్నగిల్లాయి.

పనికి బాధ్యులు అక్కడి జనమేనన్న ఈ ఆలోచన హైదరాబాద్ బస్తీల్లో 1967లో మళ్లీ మొలిచింది. ఆ ఏడాది హైదరాబాద్ నగరపాలక సంస్థ పట్టణ సామాజికాభివృద్ధి పథకం మొదలుపెట్టింది. సిబ్బంది బస్తీలకు వెళ్లి ముందుగా అడిగింది ‘మీకేం కావాలి’ అని. బాలవాడీలు, కుట్టు కేంద్రాలు, మహిళా మండళ్లు అలా పుట్టాయి. ఆ తర్వాత పట్టాలు, రుణాలు అందిన బస్తీల్లో జనం దగ్గరుండి సొంత ఇళ్లు కట్టుకున్నారు. రేపు ఖాళీ చేయిస్తారన్న భయం ఉన్నచోట ఎవరూ గోడకు సున్నం కూడా వేయరు. ఆ భయం తొలగితే పైసా పైసా కూడబెట్టి ఇల్లు నిలబెట్టుకుంటారు.

కరాచీలోని ఒరంగీ బస్తీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన ప్రయత్నం ఇంకో మెలకువ నేర్పింది. అక్కడ లెక్క ఊరితో కాదు, గల్లీతో. ఒక్కో గల్లీలోని ఇరవై ముప్ఫై ఇళ్లవాళ్లు చందాలేసుకుని తమ మురుగు కాలువ తామే వేసుకున్నారు. పెద్ద కాలువలు, శుద్ధి మాత్రం సర్కారు పని. ఎవరి వంతు ఎక్కడ ముగుస్తుందో ముందే తేల్చుకోబట్టి పని నిలిచింది.

మనకు అంత దూరం వెళ్లాల్సిన అవసరం కూడా లేదు. వరంగల్ పొరుగునే, గీసుగొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. 1980లలోనే ఆ ఊరు మద్యాన్ని మానుకుంది. 1994లో విడి గ్రామ పంచాయతీ అయింది. మరుసటి ఏడాది పాలకవర్గమంతా మహిళలే. తాగునీటికి, వీధి దీపాలకు, పారిశుద్ధ్యానికి, కేబుల్ టీవీకి కూడా వేర్వేరు కమిటీలు పెట్టుకున్నారు. బాల వికాస సంస్థ తోడ్పాటుతో నీటి శుద్ధి ప్లాంటు వచ్చింది. నీళ్లు పట్టుకునే కుటుంబం కొద్దిపాటి రుసుము కడుతుంది. రుసుము కట్టినవాళ్లకు లెక్క అడిగే హక్కుంటుంది. యంత్రం చెడితే ఎవరిని నిలదీయాలో పక్కింటివాళ్లకూ తెలుసు. ఆ ఊరికి 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం దక్కింది. 2015లో రాష్ట్ర ప్రభుత్వం గ్రామజ్యోతి పథకాన్ని అక్కడి నుంచే ప్రారంభించింది. ఊరు ముందు నిలబడింది, పేరూ పథకాలూ వెనకాల వచ్చాయి.

ఉమ్మడి వనరుల మీద ఏళ్ల తరబడి పరిశోధించి, 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ తేల్చిందీ ఇదే. వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, తామే కాపలా కాసి, తప్పిన వారికి తగినంత జరిమానా వేసినచోట వ్యవస్థ తరతరాలు నిలుస్తుంది.

ఇక మన కోట సంగతి. 2015లో కేంద్రం మొదలుపెట్టిన హృదయ్ పథకానికి ఎంపికైన పన్నెండు నగరాల్లో వరంగల్ ఒకటి. వారసత్వ కట్టడాల చుట్టూ సౌకర్యాల కోసం నిధులొచ్చాయి. 2019తో ఆ పథకం ముగిసింది. పథకాలు వస్తాయి, పోతాయి, వాడవాళ్లు ఉంటారు. ఇక ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆ తర్వాతి రెండు వందల మీటర్లలో అనుమతి కావాలి. నిషిద్ధ పరిధిలో పాత ఇంటి మరమ్మతుకూ అనుమతి తప్పదు. కోటను కాపాడాలంటే ఈ నియమాలు అవసరమే. కానీ ఇల్లు కురుస్తున్నవాళ్లకు కోట బరువుగా తోస్తే దాన్ని ప్రేమగా కాపాడేదెవరు?

2019 తెలంగాణ పురపాలక చట్టం ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు ఉండాలంది. కోటలోని మూడు వాడల్లో ఆ కమిటీలు నిజంగా కూర్చోవాలి. మరమ్మతుల అనుమతికి దరఖాస్తులు పెట్టించడం, అగడ్త శుభ్రత, పర్యాటకం ద్వారా వాడవాళ్లకు ఉపాధి వంటి విషయాల్లో వాళ్ల మాట చెల్లాలి. పురావస్తు శాఖ, నగరపాలక సంస్థ వాళ్ల ఎదుట కూర్చుని వినాలి. గంగదేవిపల్లి చేయగలిగింది ఖిలా వరంగల్ చేయలేనిదేమీ కాదు. నిధులు వచ్చేదాకా ఆగకండి. మీ గల్లీతో మొదలుపెట్టండి.